శంకుస్థాపన రాయికి ముందు: మీ ఊరి సంఘ చరిత్ర రాయడం ఎలా

చిన్న ఊళ్ళలో పాత చర్చి కనిపిస్తే దాని శంకుస్థాపన రాయి దగ్గర కాసేపు ఆగడం నాకు అలవాటు. రాయి మీద ఒక సంవత్సరం, పక్కన ఒక మిషనరీ దొరగారి పేరో బిషప్పుగారి పేరో చెక్కి ఉంటుంది. నూరేళ్ళు నిండినప్పుడు సంఘంవారు ఆ సంవత్సరం నుంచే లెక్కపెట్టి శతజయంతి చేస్తారు, సంచిక అచ్చువేస్తారు. అందులో మొదట దొరగారి ఫొటో, తరువాత కాపరుల (పాస్టర్ల) వరుస, చివర ఫ్యాన్లూ కుర్చీలూ ఇచ్చినవారి జాబితా ఉంటాయి. అంతా చదివాక ఒక్క సంగతి నన్ను బాధపెడుతుంది. ఆ రాయి వేసిన రోజున చుట్టూ నిలబడి కీర్తన పాడినవారి పేరు ఒక్కటీ ఆ సంచికలో ఉండదు.

గుడి కట్టాలన్న ఆలోచన రావాలంటే ముందు కూడుకునే మనుషులు ఉండాలి. పూరిపాకలోనో, చింతచెట్టు కిందో, పంతులుగారి ఇంటి వసారాలోనో వాళ్ళు కూడుకుని ఉంటారు. ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మనలో చాలామందికి తెలుసు. దాన్ని జాన్ క్లౌ దొరగారి పేరుతోనే చెప్పుకుంటాం. కానీ ఆనాడు నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. అంత పెద్ద సంఘటనలోనే మనవాళ్ళ పేర్లు వెనక్కు పోతే, మీ ఊరి సంగతి చెప్పాలా? ఆ పేర్లను వెతికి రాయాలనుకునేవారి కోసం, నేను చేసిన పనిలో నేర్చుకున్నదంతా ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

మొదటి అడుగు: సంఘం చేత తీర్మానం చేయించండి

ఒక్కరే ఉత్సాహంగా మొదలుపెట్టిన చరిత్ర సగంలో ఆగిపోతుంది, లేదా ఆ ఒక్కరి కుటుంబ చరిత్రగా మారుతుంది. కమిటీలో చర్చించి, మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయించండి. అది ఉంటే బీరువా తాళం అడగడానికి మొహమాటం ఉండదు, తాళం ఇచ్చేవారికి భయమూ ఉండదు. నలుగురు చాలు. వారిలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి, ఎందుకో కిందికి వెళ్ళాక తెలుస్తుంది. జూబిలీకి రెండేళ్ళ ముందు మొదలుపెట్టండి. మూడు నెలల ముందు మొదలుపెడితే మీకు మిగిలేది పాత సంచికను మళ్ళీ అచ్చువేయడమే.

రెండో అడుగు: కాగితాల కంటే ముందు పెద్దవాళ్ళ దగ్గరకు వెళ్ళండి

రిజిస్టర్లు బీరువాలో వచ్చే ఏడాది కూడా ఉంటాయి. తొంభై ఏళ్ళ అవ్వ ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి మొదటి ఆరు నెలలూ ఇళ్ళ వెంటే తిరగండి.

"మన సంఘం ఎప్పుడు మొదలైంది, అవ్వా?" అని అడగవద్దు. "నాకేం తెలుసు, అయ్యగారిని అడగండి" అంటుంది. ఆమె కళ్ళతో చూసినవి అడగండి. నీ పెళ్ళి పాకలో జరిగిందా, గుడిలో జరిగిందా? ఎవరు చేశారు? గంట లేని రోజుల్లో ఆరాధనకు ఎలా పిలిచేవారు? చాలా చోట్ల రైలు పట్టా ముక్కను చెట్టుకు వేలాడదీసి కొట్టేవారు, ఆ ముక్క ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేవారు ఇప్పటికీ దొరుకుతారు. క్రిస్మస్ ముందు రాత్రి పాటలు పాడుతూ ఏయే వీధుల్లోకి వెళ్ళేవారు, ఏ వీధిలోకి వెళ్ళేవారు కాదు? మంచినీళ్ళ బావి ఎక్కడ ఉండేది, మన చేద అందులో పడనిచ్చేవారా? బడిలో పలక ఎవరిచ్చారు? బల్ల (ప్రభువు భోజనం) తీసుకోకుండా ఎవరినైనా ఆపారా, ఎందుకు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులో ఆ కాలపు సంఘ క్రమశిక్షణ అంతా ఉంటుంది.

ఒక ఇంటిలో మేము ముగ్గురు మగవాళ్ళం వెళ్ళి గంటసేపు కూర్చున్నాం. ఆ తల్లి తల వంచుకుని, కొడుకులు చెప్పినదానికల్లా ఔనంది. వారం తరువాత మా బృందంలోని సోదరి ఒక్కతే వెళ్ళి, ఆమెతో పాటు చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది. అప్పుడు చెప్పిందట, వంట చేసేముందు ప్రతి పూటా ఒక పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి ఆదివారం గుడికి తెచ్చేవాళ్ళమని, ఆ బియ్యం అమ్మిన డబ్బుతోనే పాక మీద తాటాకు తీసి పెంకు వేయించామని. శంకుస్థాపన రాయి మీద ఆ స్త్రీలలో ఒక్కరి పేరూ లేదు. తరువాత పాత లెక్కల పుస్తకంలో "పిడికెడు బియ్యము వలన" అని జమ కనిపించినప్పుడు మాకు ఒళ్ళు జలదరించింది.

ఫోనులో రికార్డు చేయండి, ముందు అనుమతి అడిగి. మొదట ఊరి పేరు, తేదీ, చెప్పేవారి పేరు మీ గొంతుతోనే పలకండి, లేకపోతే ఏడాది తరువాత ఏ గొంతు ఎవరిదో తెలియదు. ఆ వారంలోనే రాతలోకి ఎత్తండి. వారి మాటలను వారి యాసలోనే ఉంచండి, గ్రాంథికం చేయవద్దు. పాటలు పాడితే తప్పకుండా రికార్డు చేయండి. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పాటల పుస్తకంలో ఎలాగూ ఉన్నాయి. మీ ఊరి పంతులుగారు కట్టి, పాలెంలో మాత్రమే పాడుకున్న పాట ఆ గొంతుతోనే పోతుంది.

మూడో అడుగు: చెప్పిన కాలాన్ని తేదీగా మార్చడం

పెద్దవాళ్ళు సంవత్సరాలను అంకెలతో చెప్పరు. "ధాత కరువప్పుడు మా ముత్తాత కలిశాడట" అంటారు. దాన్ని తోసిపుచ్చవద్దు, అది చాలా గట్టి ఆధారం. ధాత నామ సంవత్సరం 1876 ఉగాదితో మొదలైంది, ఆ కరువు 1878 దాకా సాగింది. నందన కరువు, అంటే డొక్కల కరువు, 1832-33 నాటిది. బందరును ముంచిన ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది, అది రక్తాక్షి సంవత్సరం. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకు మళ్ళీ వస్తాయి. ధాత 1876లోనూ ఉంది, 1936లోనూ ఉంది. చెప్పేవారి తరాలను లెక్కపెట్టి ఏదో తేల్చుకోవాలి. ఒక తరానికి పాతిక ఏళ్ళు వేసుకుంటే మరీ తప్పు పోదు. ఉగాది మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది కాబట్టి, నెల తెలియనప్పుడు "1876-77" అని రెండేళ్ళూ కలిపి రాయడం నిజాయితీ.

భూమి కాగితాల్లో ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం కనిపిస్తుంది. ఫసలీ అంకెకు 590 కలపండి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫసలీ జూలై 1న మొదలయ్యేది కనుక, ఫసలీ 1330 అంటే 1920 జూలై నుంచి 1921 జూన్ వరకు.

నాలుగో అడుగు: గుడి బీరువా

బాప్తిస్మపు రిజిస్టరు, పెళ్ళిళ్ళ రిజిస్టరు, సమాధుల రిజిస్టరు, కమిటీ మినిట్స్, కానుకల లెక్కలు. ఇవి దొరికితే మీరు అదృష్టవంతులు. కథోలిక విచారణ (పారిష్) అయితే జ్ఞానస్నానపు పుస్తకం ఉంటుంది, పాత పుటలు లాటిన్‌లో ఉంటాయి. భయపడవద్దు, ప్రతి పుటలోనూ అవే పది పన్నెండు మాటలు తిరిగి తిరిగి వస్తాయి. విచారణ గురువుగారు ఒక్క పుట చదివి చెబితే మిగతావి మీరే చదవగలరు. గుడిలో దేనికీ దిక్కులేకపోయినా పెళ్ళిళ్ళ రిజిస్టరు మిగిలి ఉండే అవకాశం ఎక్కువ, 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం దాన్ని తప్పనిసరి చేసింది కనుక.

చెదలు పట్టిన పుస్తకాన్ని ఎండలో పెట్టవద్దు. చిరిగిన పుటకు సెల్లో టేపు అంటించవద్దు, లామినేషన్ అసలు చేయించవద్దు, కొన్నేళ్ళకు ఆ జిగురే కాగితాన్ని తినేస్తుంది. కిటికీ వెలుతురులో బల్ల మీద పరచి, పై నుంచి నిటారుగా ఫోనుతో ఫొటో తీయండి. ప్రతి పుటా, ఖాళీ పుటలు కూడా. ఫైలు పేరులో రిజిస్టరు పేరు, సంవత్సరం, పుట సంఖ్య ఉంచండి. ఆ తరువాత అసలు పుస్తకాన్ని ముట్టుకోవలసిన పని ఉండదు.

ఇప్పుడు చదవడం. ఒక్కో పేరు విడిగా చూస్తే ఏమీ తెలియదు, గుంపులుగా చూడండి. ఒకే రోజున నలభై బాప్తిస్మాలు కనిపిస్తే, వాటిలో ఇంటిపేర్లు ఎన్ని? మూడే అయితే మూడు కుటుంబాలు కూర్చుని మాట్లాడుకుని ఒక్క నిర్ణయం తీసుకున్నాయన్నమాట. ఆ మూడు ఇళ్ళ మధ్య వియ్యాలు ఉన్నాయేమో పెళ్ళిళ్ళ రిజిస్టరులో చూడండి. సువార్త మన ఊళ్ళకు ఎక్కువగా బంధుత్వాల దారినే నడిచి వచ్చింది. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగిన తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య, ఉత్తరాన సువార్త విని ఇంటికి వచ్చి తనవారికి తానే చెప్పుకున్నాడు. ఒంగోలు ప్రాంతపు మాదిగలలో అది అలా పాకింది. మీ ఊరికీ ఒక పేరయ్య ఉండే ఉంటాడు, లేదా పుట్టింటి నుంచి విశ్వాసాన్ని తెచ్చుకున్న ఒక కోడలు ఉండే ఉంటుంది. రిజిస్టరులో మొదటి పది పేర్ల చుట్టూ వెతకండి.

పాత పేరు, కొత్త పేరు అని రెండు గడులు ఉంటే ఎంతో మేలు. పోలేరమ్మ మరియమ్మ అయింది, గురవయ్య యోహాను అయ్యాడు అని తెలుస్తుంది. అదే మనిషి భూమి కాగితంలో పాత పేరుతోనే ఉంటాడు. ఈ రెంటినీ కలపకపోతే ఒక్క మనిషి మీ పుస్తకంలో ఇద్దరవుతాడు.

లెక్కల పుస్తకాల్లో తెలుగు అంకెలు ఉంటాయి, పిల్లల వాచకంలోని పట్టిక దగ్గర పెట్టుకోండి. 1957 ఏప్రిల్‌కు ముందు డబ్బు రూపాయలు, అణాలు, పైలలో ఉంటుంది. 3-4-6 అంటే మూడు రూపాయల నాలుగు అణాల ఆరు పైలు. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. కానుకలు ధాన్యంగా వచ్చినచోట కుంచాలు, మానికలు, సోలలు. కోత పండుగ ఏడాదికేడాది ఎంత తెచ్చిందో ఒక వరుసలో రాసి చూస్తే, ఏ ఏట ఊరు పస్తులుందో మీకే కనిపిస్తుంది.

ఐదో అడుగు: మీది ఏ మిషను?

బయటి ఆధారాలు ఎక్కడ దొరుకుతాయన్నది దీన్నిబట్టే ఉంటుంది. ఆనాడు మిషన్లు ఒకరి ప్రాంతంలోకి మరొకరు రాకుండా జిల్లాలు పంచుకున్నాయి. అందుకే ఒక తాలూకా అంతా లూథరన్‌లు, పక్క తాలూకా అంతా బాప్టిస్టులు కనిపిస్తారు.

విశాఖపట్నంలో లండన్ మిషను 1805లో అడుగుపెట్టింది, క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరితో. కడప, గుత్తి వైపు కూడా ఆ మిషనే పనిచేసింది. గోదావరి డెల్టాలో నరసాపురం, పాలకొల్లు వైపు 1836లో వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాల పని. బందరులో 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మొదలుపెట్టిన చర్చి మిషనరీ సొసైటీ కృష్ణా జిల్లా అంతా వ్యాపించింది. గుంటూరుకు లూథరన్ హయ్యర్ 1842 జూలై 31న చేరాడు. నెల్లూరు, ఒంగోలు, ఆ పైన పల్నాడు, తెలంగాణలో సికింద్రాబాదు, హనుమకొండ, నల్లగొండ వైపు అమెరికన్ బాప్టిస్టులు. కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా కెనడియన్ బాప్టిస్టులు, 1874 నుంచి. మెదక్, కరీంనగర్, నిజామాబాదు వైపు వెస్లియన్ మెథడిస్టులు. పాలమూరు వైపు మెనొనైటులు. డోర్నకల్ కథ వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది. అక్కడికి వచ్చినవారు దొరలు కారు, తిరునల్వేలి తమిళ క్రైస్తవులు తమ కానుకలతో పంపిన మిషను అది. అక్కడ పనిచేసిన అజరయ్యగారు 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు.

ఇప్పటి పేరు చూసి మోసపోవద్దు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడినప్పుడు ఆంగ్లికన్‌లు, వెస్లియన్‌లు, లండన్ మిషను సంఘాలు అందులో కలిశాయి. కాబట్టి ఇవాళ సీఎస్‌ఐ అన్న పలక ఉన్న గుడి వెనుక మూడు వేర్వేరు చరిత్రలలో ఏదైనా ఉండవచ్చు. లూథరన్‌లు, బాప్టిస్టులు కలవలేదు. గుంటూరు లూథరన్‌లు 1927 నుంచి ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం. బక్త్‌సింగ్‌గారి సహవాసాలు, పెంతెకొస్తు సంఘాలు ఇరవయ్యో శతాబ్దపువి. వాటికి విదేశీ నివేదికలు సాధారణంగా ఉండవు కనుక రెండో అడుగు మీదే ఎక్కువగా ఆధారపడాలి.

ఆరో అడుగు: మిషను నివేదికలు చదవడం

మిషనరీలు ఏటా తమ దేశానికి నివేదిక పంపేవారు. వాటిలో చాలా భాగం అచ్చయ్యాయి, చాలా సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవవచ్చు. ఇంగ్లీషు బాగా వచ్చిన కాలేజీ పిల్లలకు ఈ పని అప్పగించండి. ఉత్తరాల అసలు ప్రతులు కావాలంటే లండన్ మిషను, మెథడిస్టుల కాగితాలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో, చర్చి మిషనరీ సొసైటీవి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో, అమెరికన్ బాప్టిస్టులవి అట్లాంటాలోని వారి చారిత్రక సంఘంలో ఉన్నాయి. అంత దూరం అక్కరలేకుండానే బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, హైదరాబాదు ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల గ్రంథాలయాల్లో వెతకవచ్చు. ప్రభుత్వ కాగితాలకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్.

మీ ఊరి పేరు మీరు పలికినట్టు అందులో ఉండదు. కాకినాడ కోకనాడ, బందరు మసూలిపటం, భీమిలి బిమ్లిపటం, కడప కడ్డప. ఎల్లోర్ అని ఉంటే ఎల్లోరా గుహలు కావు, ఏలూరు. చిన్న ఊళ్ళ పేర్లు ఒక్కో దొరగారు ఒక్కో రకంగా రాశారు. ఆరేడు రకాలుగా అక్షరాలు మార్చి వెతకాలి. జిల్లా పేరు కూడా మారుతుంది. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో, ఆ తరువాత గుంటూరు జిల్లాలో ఉంది. ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది. గుంటూరు జిల్లాయే 1859 నుంచి 1904 వరకు కృష్ణా జిల్లాలో భాగం. మీ ఊరు ఏయే ఏళ్ళలో ఏ జిల్లా, ఏ తాలూకాలో ఉందో ఒక కాగితం మీద రాసుకుని గోడకు అంటించుకోండి.

ఈ నివేదికలు ఎవరి కోసం రాసినవో మరిచిపోకూడదు. చందా ఇచ్చేవారి కోసం రాశారు. అందుకే ఎక్కువ మంది కలిసిన ఏడాది పుటలు పుటలుగా, వెనక్కు వెళ్ళిపోయిన ఏడాది రెండు వాక్యాలుగా ఉంటుంది. మన బోధకులు "ఒక స్థానిక సహాయకుడు", ఇళ్ళకు వెళ్ళి బైబిలు చెప్పిన బైబిలు స్త్రీలు "మా నమ్మకమైన స్త్రీ" అయిపోతారు. ఆ పేరులేని మనిషి ఎవరో మీ రిజిస్టరు, మీ అవ్వల మాటలు చెబుతాయి. అప్పుడు నివేదికను సవరించగలిగింది మీరే. ఒంగోలు ప్రార్థన కొండ మీద 1854 జనవరి 1న తెల్లవారుజామున ప్రార్థించినవారు ఐదుగురు. జ్యుయెట్ దొరగారు, దొరసానిగారు, నర్సు అనే సోదరుడు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. ఆ మూడు పేర్లూ ఎవరో రాసి ఉంచారు కాబట్టే ఇవాళ చెప్పుకోగలుగుతున్నాం.

కరువు కాలపు బాప్తిస్మాల గురించి "గంజి కోసం కలిశారు" అన్న మాట మీ ఊరిలోనూ వినబడుతుంది. తేదీలు చూసి మాట్లాడండి. క్లౌగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చారు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశారు. పని అయిపోయాక వచ్చినవారే గుండ్లకమ్మ ఒడ్డున నిలబడ్డారు. మీ రిజిస్టరులో కూడా కరువు నెలలకూ బాప్తిస్మాలకూ మధ్య దూరం ఎంతో లెక్కించి, వచ్చినదాన్ని వచ్చినట్టే రాయండి. మనకు అనుకూలంగా రాకపోయినా సరే.

ఏడో అడుగు: స్థలం కాగితాలు, సమాధుల తోట

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీకి (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌కు) దరఖాస్తు పెట్టి, దస్తావేజు సంఖ్య తెలుసుకుని నకలు తీసుకోండి. మిషను కాలపు స్థలాలు మిషను సంస్థ పేరుతోనో మిషనరీ పేరుతోనో ఉండవచ్చు. దస్తావేజులో అందరూ దాటేసేది చెక్కుబందీ. తూర్పున ఎవరి దొడ్డి, దక్షిణాన ఏ డొంక, పడమర ఏ చెరువు గట్టు. ఆ నాలుగు పంక్తుల్లో ఆనాటి ఊరి అంచు కనిపిస్తుంది, గుడికి స్థలం ఊరి నుంచి ఎంత దూరాన దొరికిందో తెలుస్తుంది. కోర్టులో వివాదం ఉన్న స్థలమైతే సర్వే నంబర్లు అచ్చువేసే ముందు వకీలుకు చూపించండి.

సమాధుల తోటకు ఉదయం ఏడింటికి వెళ్ళండి. ఏటవాలు ఎండలో అరిగిన అక్షరాలు నీడపడి చదవడానికి వస్తాయి. రాయి మీద సుద్ద రుద్దవద్దు, ఇనుప బ్రష్ వాడవద్దు, నీళ్ళూ మెత్తని గుడ్డా చాలు. రాళ్ళు లేని మట్టి సమాధుల వరుసను కూడా పటంలో గీయండి, ఎవరిది ఏదో కాటికాపరికో పెద్దవాళ్ళకో తెలిసి ఉంటుంది. మన పూర్వికుల్లో ఎక్కువమందికి రాయి పెట్టించే స్తోమత ఉండేది కాదు.

ఎనిమిదో అడుగు: దాచాలనిపించే సంగతులు

కులం గురించి రాయకుండా మన సంఘాల చరిత్ర రాయలేం. ఎక్కువ సంఘాలు మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో పుట్టాయి. ఊరు దూరంగా పెట్టిన మనుషులు ఒక పేరు, ఒక పలక, కూర్చోవడానికి ఒక చోటు సంపాదించుకున్న కథ ఇది. అందులో సిగ్గుపడవలసినది ఏదైనా ఉంటే అది దూరం పెట్టినవారిది. అయితే మనలో మనం చేసుకున్న దూరాలు కూడా రాయాలి. ఒకే మిషను కింద రెండు పల్లెలకు రెండు గుళ్ళు ఎందుకు వచ్చాయి? బల్ల దగ్గర ఎవరు ముందు, ఎవరు వెనుక? ఈ ప్రశ్నలు అడిగినప్పుడు గదిలో నిశ్శబ్దం వస్తుంది. ఆగండి, ఎవరో ఒకరు చెబుతారు.

బతికి ఉన్నవారి విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు బీసీ-సీ కిందికి వస్తారు. అందువల్ల కాగితం మీద ఒక మతం, ఆదివారం ఒక గుడి అన్న స్థితిలో బతుకుతున్న కుటుంబాలు ఉన్నాయి. మీరు ప్రేమతో అచ్చువేసిన బాప్తిస్మపు తేదీ ఎవరి ఉద్యోగానికో ముప్పు కావచ్చు. బతికి ఉన్నవారి పేరు, ఫొటో, కులం, బాప్తిస్మం వివరాలు వారి రాతపూర్వక అనుమతి లేకుండా పుస్తకంలో వేయవద్దు, రిజిస్టరు పుటల ఫొటోలు వాట్సాప్‌లో పంపవద్దు. ఈ విషయంలో మాకొక పొరపాటు జరిగింది. ఒక గుంపు ఫొటోను పేర్లతో సహా ముసాయిదాలో వేసి పది ఇళ్ళకు పంచాం. ఒక తండ్రి రాత్రిపూట వచ్చి, కొడుకు పేరు తీసేయమని చేతులు పట్టుకున్నాడు. పది ప్రతులూ వెనక్కు తెచ్చుకున్నాం.

చీలికలు ఇంకో కష్టం. గుడికి తాళాలు పడిన నెలలు, కోర్టు కేసు, సగం మంది వెళ్ళి పక్క వీధిలో పెట్టుకున్న కొత్త సహవాసం. వీటిని వదిలేస్తే ఆ ఏళ్ళు మీ పుస్తకంలో గుంతలా కనిపిస్తాయి. తేదీలు రాయండి, ఎవరు ఏమన్నారో రెండు పక్షాల మాటల్లోనే రాయండి, విశేషణాలు తీసేయండి. అచ్చుకు ముందు రెండు పక్షాలకూ చదివి వినిపించండి. వెళ్ళిపోయినవారి ముత్తాతలు కూడా ఆ పాకలో పాడినవారే.

తొమ్మిదో అడుగు: రాయడం

కాపరుల కాలాన్నిబట్టి అధ్యాయాలు చేయవద్దు, అలా చేస్తే పుస్తకం బదిలీల పట్టిక అవుతుంది. కాపరుల వరుస చివర ఒక పుటలో చాలు. మొదటి అధ్యాయం సంఘం లేనప్పటి ఊరు. ఎవరు ఏ పని చేసేవారు, ఎవరి దగ్గర పాలేర్లు, ఏ దేవతకు కొలుపులు, ఏ కరువులో ఎటు వలస పోయారు. తరువాత మొదటి కుటుంబాలు, పాక, బడి, పంతులుగారు. చాలా ఊళ్ళలో గుడి కంటే బడి ముందు వచ్చింది, రెండూ ఒకే కప్పు కింద. ఆ తరువాత గుడి, అప్పుడు శంకుస్థాపన రాయి.

ప్రతి సంగతి పక్కన అది ఎక్కడిదో రాసుకోండి, రిజిస్టరా, నివేదికా, ఫలానా అవ్వ మాటా. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసి, మీకు ఏది నమ్మకమో కారణంతో చెప్పండి. మా పనిలో గంట ఇచ్చింది ఎవరన్నదానికి మూడు కథలు వచ్చాయి. మూడూ వేశాం, ఎవరూ నొచ్చుకోలేదు. అద్భుతాలు, స్వస్థతల సాక్ష్యాలను చెప్పినవారి పేరుతో, వారి మాటల్లో ఇవ్వండి. మీరు వాటిని పెంచవద్దు, తగ్గించవద్దు.

అచ్చు తరువాత

ఒక ప్రతి జిల్లా గ్రంథాలయానికి, ఒకటి డయాసిస్ లేదా ఫీల్డు కార్యాలయానికి, ఒకటి వేదాంత కళాశాలకు ఇవ్వండి. రికార్డింగులు, ఫొటోలు రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచండి.

పుస్తకం విడుదలైన వారం లోపే ఎవరో ఒకరు వచ్చి "మా తాత పేరు రాలేదు" అంటారు. వాదించకండి. ఒక లావు నోటు పుస్తకం కొని గుడి బీరువాలో ముందే పెట్టి ఉంచండి. వారిని కూర్చోబెట్టి, ఆ తాత పేరు, ఇంటిపేరు, భార్య పేరు, ఏ పాలెం నుంచి వచ్చారో, ఎవరి ద్వారా విన్నారో అడిగి, ఆ రోజు తేదీ వేసి, చెప్పినవారి చేత సంతకం పెట్టించండి. సంతకం రాకపోతే వేలిముద్ర. మాకు అలా మొదటి నెలలోనే ముప్పై ఒక్క పేర్లు వచ్చాయి.